ఆదివారం రాత్రి ఒక్క గది ఇవ్వండి: పంజాబీ డ్రైవర్ అన్నల తరఫున బహిరంగ లేఖ

మా ఊరి కమ్యూనిటీ సెంటర్లు చూసే అధికారులకి, ఒంటారియో ఆరోగ్య శాఖకి, ఫెడరల్ ప్రభుత్వంలో 988 అనే ఆత్మహత్య నివారణ ఫోన్ లైన్ చూసేవాళ్ళకి, ట్రక్కింగ్ కంపెనీల ఓనర్లకి, గురుద్వారా కమిటీ పెద్దలకి, ఇక్కడున్న మన తెలుగు సంఘాల వాళ్ళకి,

నమస్కారం. సత్ శ్రీ అకాల్.

మీలో చాలామంది మంచి మనసుతోనే పని చేస్తున్నారని తెలుసు, అందుకే సూటిగా విషయానికొస్తా. ఆదివారం రాత్రి 9 నుంచి 11 దాకా ఒక గదిలో పంజాబీ మగాళ్ళు కూర్చుని టీ తాగుతూ తమ బాధలు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. మూడేళ్ళకి పైగా నడిచింది. గత అక్టోబర్‌లో ఆ గది తీసేసుకున్నారు. ఇంగ్లిష్‌లో నాలుగు మెయిల్స్ పెట్టాం, 61 మంది సంతకాలతో కాగితం కౌంటర్‌లో ఇచ్చొచ్చాం, వచ్చిన జవాబు ఒక్కటే, మీ మెయిల్ అందింది అని కంప్యూటర్ దానంతటదే పంపేది. పంజాబీ కాపీ చేతులు మారుతూనే ఉంది. ఇది తెలుగు కాపీ, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఈ మధ్య ఇంకో నలుగురు మనవాళ్ళు కూడా వస్తున్నారు, ఆ 61కి మన సంతకాలు కూడా కలిస్తే కొంచెం బరువొస్తుందని ఆశ. ఏ ఊరు, ఏ సెంటర్, ఏ ఆఫీసు అని పేర్లు రాయట్లేదు. ఎవర్నీ బజారుకీడ్చే ఉద్దేశం మాకు లేదు, గది తిరిగొస్తే చాలు.

నా గురించి రెండు ముక్కలు. మాది ఖమ్మం జిల్లా. 2018లో స్టూడెంట్ వీసా మీద వచ్చా. టొరంటో పక్కన ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం, మోగా నుంచి ఇద్దరు, సంగ్రూర్ నుంచి ఒకడు, గురుదాస్‌పూర్ నుంచి ఒకడు, నేను. పంజాబీ నాకు ఆ కిచెన్‌లోనే వచ్చింది, రోటీ చెయ్యడం కూడా. తర్వాత ఒక ట్రక్కింగ్ యార్డులో నైట్ డిస్పాచర్‌గా చేరా, ఇప్పటికీ అదే పని. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఫోన్. లోడ్ ఎక్కడుంది, డెలివరీ ఎన్నింటికి, మంచు పడుతోందా, రోడ్ మూసేశారా. కానీ తెల్లవారుజామున 3 గంటలకి ఉత్తర ఒంటారియోలో వావా అనే ఊరి దగ్గర ఆగిన డ్రైవర్ ఫోన్ చేసి, చెప్పాల్సిన లోడ్ విషయం చెప్పేశాక కూడా ఫోన్ పెట్టకుండా ఊరికే అలా ఉండిపోతాడు చూడండి, ఆ మౌనం కూడా నా డ్యూటీలో భాగమైపోయింది.

2021 మేలో నాన్న కోవిడ్‌తో పోయారు. ఇండియా నుంచి వచ్చే డైరెక్ట్ ఫ్లైట్స్‌ని కెనడా ఏప్రిల్ 22న ఆపేసింది, సెప్టెంబర్ చివరి దాకా మళ్ళీ వదల్లేదు, వెళ్తే తిరిగి ఎప్పుడొస్తానో తెలీదు, వర్క్ పర్మిట్ టైం దగ్గర పడుతోంది, వెళ్ళలేదు. తమ్ముడు తలకొరివి పెట్టడం వీడియో కాల్‌లో చూసి ఆ రాత్రే 10కి వచ్చి డ్యూటీలో కూర్చున్నా. ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఫోన్ చేస్తే తిన్నానమ్మా అనేవాణ్ణి. ఆగస్టులో ఒక డ్రైవర్ అన్న, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, పేపర్స్ ఇవ్వడానికి ఆఫీసులోకొచ్చి, నీ గొంతు మారిపోయింది వీరే (తమ్ముడూ), మూడు నెలల్నుంచి వింటున్నా అన్నాడు. బయటికి తీసుకెళ్ళి తన ట్రక్కు ఎక్కించి చేతిలో టీ పెట్టాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని అద్దంలోంచి యార్డు కంచె చూస్తూ అరగంట ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, తన తమ్ముడు ఊళ్ళో ఎలా పోయాడో, తను అంత్యక్రియలకి ఎందుకు వెళ్ళలేకపోయాడో, ఆ తర్వాత రెండేళ్ళు రోజూ ఎంత తాగాడో. అదవ్వగానే నేను ఏడ్చా. ఆయన ఏ సలహా ఇవ్వలేదు. మళ్ళీ ఎల్లుండి వస్తా, టీ నువ్వు తేవాలి అన్నాడంతే.

ఆ నవంబర్‌లో ముగ్గురం అయ్యాం, యార్డులో డ్రైవర్ల రూంలో. 2022 వేసవికి పన్నెండు మంది అయ్యేసరికి చోటు చాలక కమ్యూనిటీ సెంటర్‌లో గది తీసుకున్నాం. మీ రికార్డుల్లో ఉంటుంది, ఒక్క ఆదివారం కూడా గది పాడు చెయ్యలేదు, కుర్చీలు సర్దకుండా వెళ్ళలేదు.

ఆ గదిలో ఏం జరిగేదో చెప్తా, ఎందుకంటే అదేదో గుంపు చేరడం అని మీలో కొందరు అనుకుంటున్నట్టుంది. పంజాబ్ ఊళ్ళలో సత్థ్ అని ఉంటుంది, అచ్చం మన రచ్చబండ లాంటిది, మర్రిచెట్టు కింద మగాళ్ళు కూర్చునే చోటు. పంట, పెళ్ళి, అప్పు, గొడవ, అన్నీ అక్కడే నడుస్తాయి, ఎవడైనా వారం రోజులు కనపడకపోతే అక్కడే అడుగుతారు, ఫలానావాడు రాలేదేంటని. ఇక్కడికొచ్చాక ఆ అడిగే చోటు పోయింది. రిటైరైన బాపూజీలకి పార్కులో పేకాట ఉంది, వాళ్ళు ఇంకా నయం. 25 నుంచి 50 మధ్య వాడికి ట్రక్కు ఉంది, బేస్‌మెంట్ ఉంది, ఫోన్ ఉంది. మేం పెట్టుకున్నది ఆ సత్థే. మెంటల్ హెల్త్ అని బోర్డు పెట్టలేదు, పెడితే ఎవడూ రాడు. తెలుగులో మెంటల్ అంటే తిట్టు, పంజాబీలో కూడా పాగల్ అనే అర్థమవుతుంది. ఆదివారం చాయ్ అన్నాం, వచ్చారు.

రూల్స్ నాలుగైదే. ఫోన్లు బుట్టలో పెట్టాలి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. అడగకుండా సలహా ఇవ్వకూడదు. పీఆర్ వచ్చిందా, స్టేటస్ ఏంటి, జీతమెంత అని ఎవర్నీ అడగకూడదు. నేను చచ్చిపోదామనుకుంటున్నా అన్నట్టు ఎవరైనా మాట్లాడితే దాటెయ్యకుండా, నువ్వు ప్రాణం తీసుకోవాలనుకుంటున్నావా అని సూటిగా అడగాలి (అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, డాక్టర్లు కూడా అదే చెప్తారు), అతన్ని ఒంటరిగా వదలకూడదు, పక్కన కూర్చుని 988కి ఫోన్ చేయించాలి, అవసరమైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. ఈ మూడేళ్ళలో అలా ముగ్గురితో హాస్పిటల్ దాకా వెళ్ళాం. ముగ్గురూ బతికున్నారు. ఒకాయనకి మొన్న కూతురు పుడితే లడ్డూ తెచ్చాడు.

మేం డాక్టర్లమని ఎప్పుడూ చెప్పుకోలేదు. మందులు ఆపమని ఎవరికీ చెప్పలేదు, పైగా డాక్టర్ దగ్గరికి వెళ్ళనన్న ఆరేడుగుర్ని వెంటబడి పంపించాం. అదే బాధ పడినవాడు పక్కన కూర్చోవడం, ఇంగ్లిష్‌లో పీర్ సపోర్ట్ అంటారు, ఇదేం మా సొంత కవిత్వం కాదు. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్ట్ 2006 నుంచి అమ్మమ్మలకి ట్రైనింగ్ ఇచ్చి క్లినిక్ బయట చెక్క బెంచీల మీద కూర్చోబెట్టి జనంతో మాట్లాడిస్తున్నాడు, దాన్ని పద్ధతిగా పరీక్షించి 2016లో పెద్ద మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వేశారు, డిప్రెషన్ బాగా తగ్గిందని. బ్రిటన్‌లో తరక్కీ అనే సంస్థ 2017 నుంచి పంజాబీల మధ్యే ఈ పని చేస్తోంది. ఇక్కడే బ్రాంప్టన్‌లో సోచ్ అనే సంస్థ వాళ్ళు ఉన్నారు, పంజాబీ కమ్యూనిటీ హెల్త్ సర్వీసెస్ వాళ్ళు 1990 నుంచి ఉన్నారు, వాళ్ళకి దండం పెట్టాలి. కానీ బ్రాంప్టన్ ఒక్కటే 2021 జనాభా లెక్కల్లో 6 లక్షల 56 వేల మంది, అందులో నాలుగో వంతు సిక్కులు, రెండు మూడు సంస్థలు ఎంతమందికని సరిపోతాయి.

ఇంకో సంగతి, ఇది నాకు ఒక పెద్దాయన చెప్తే తెలిసింది. బ్రిటిష్ కొలంబియాలో ఆబట్స్‌ఫర్డ్‌లో 1911లో కట్టిన గురుద్వారా ఇంకా ఉంది, ఇప్పుడది నేషనల్ హిస్టారిక్ సైట్. కట్టింది కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలు, మిల్లు ఇచ్చిన చెక్కల్ని వీపుల మీద మోసుకుంటూ కొండ ఎక్కించారు. అప్పట్లో భార్యాపిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు, ఆ మగాళ్ళంతా ఏళ్ళ తరబడి ఒంటరిగా బంక్ హౌసుల్లో పడుండేవాళ్ళు, కలిసి వండుకుని కలిసి తిని ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు చూసుకుని బతికారు. వందేళ్ళ కిందటే వాళ్ళకి మిల్లు ఓనర్ చెక్క ఇచ్చాడు. మేం అడిగేది వారానికి రెండు గంటలు గది.

గది తీసెయ్యడానికి మీరు చెప్పిన కారణాలు మూడు. మాది రిజిస్టరైన సంస్థ కాదు, 20 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ లేదు, గదిలో లైసెన్సున్న ప్రొఫెషనల్ ఎవరూ లేరు. మూడూ నిజాలే, ఒప్పుకుంటున్నాం. కానీ పక్క గదిలో పేకాట ఆడుకునేవాళ్ళని లైసెన్స్ అడగరు కదా. మగాళ్ళు కూర్చుని పేకాడితే ఏ రిస్కూ లేదు, అదే మగాళ్ళు కూర్చుని ఏడిస్తే రిస్క్ అన్నట్టుంది ఈ లెక్క.

గది పోయినప్పట్నుంచి ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నా. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చా, అందరి పర్మిషన్ తీసుకునే రాశా.

1. టైం. కౌన్సెలింగ్ సెంటర్లు ఎక్కువగా పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా. లాంగ్ హాల్ డ్రైవర్ ఆ టైంలో థండర్ బే అవతల ఉంటాడు. రూల్ ప్రకారం రోజుకి 13 గంటలు నడపొచ్చు, 7 రోజుల్లో 70 గంటల డ్యూటీ అయిపోతే వరసగా 36 గంటలు విరామం (రీసెట్) తియ్యాలి. ఆ 36 గంటలు ఇంట్లో అయితే నిద్ర, కానీ చాలాసార్లు అది ఏదో ట్రక్ స్టాప్‌లో అవుతుంది, చుట్టూ మంచు, ఒక మనిషి ఒక స్లీపర్ బెర్త్‌లో రోజున్నర పాటు పైకప్పు చూస్తూ పడుకుని ఉంటాడు. లేక్ సుపీరియర్ పైన హైవే 17 మీద చాలా చోట్ల సిగ్నల్ కూడా ఉండదు. రోడ్డు మీద అందరికీ బ్రేక్ రూల్స్ రాశారు కానీ ఆ బ్రేక్‌లో మనిషి ఏమవుతాడో ఎవరూ ఆలోచించలేదు. చాలామంది ఆదివారం రాత్రి చాయ్ తాగి సోమవారం తెల్లారి లోడ్ ఎత్తేవాళ్ళు. ఇప్పుడు నేరుగా లోడే.

2. భాష. ఇది చాలా పెద్ద విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి. 988 లైన్ 2023 నవంబర్ 30న మొదలైంది, రోజంతా ఉంటుంది, ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, మంచి పని. కానీ ఇంగ్లిష్, ఫ్రెంచ్ మాత్రమే. 7 లక్షల 70 వేల మంది సిక్కులున్న దేశంలో పంజాబీ లేదు. ఇండియాలో 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్, 14416 నంబర్, 20 భాషల్లో మాట్లాడుతుంది, పంజాబీ ఉంది, మన తెలుగూ ఉంది. ఇండియా చెయ్యగలిగింది కెనడా చెయ్యలేదా?

భాష అంటే మాటల అనువాదం ఒక్కటే అనుకోవద్దు. మా వాళ్ళలో డిప్రెషన్ అనేవాడు లేడు. టెన్షన్ అంటారు, మన్ నహీ లగదా అంటారు, ఎక్కువగా చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని దిల్ ఘట్‌దా ఐ అంటారు, అంటే గుండె తగ్గిపోతోంది, కిందకి జారిపోతోంది అని. మనం గుండె జారిపోయింది అంటాం కదా అదే. ఇంగా బ్రిట్ క్రౌస్ అనే ఆంత్రోపాలజిస్ట్ ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ పంజాబీల దగ్గర ఇలాంటి మాటే విని 1989లోనే దీని మీద పరిశోధనా వ్యాసం రాశారు. అంటే ఇది కొత్తగా తెలిసిన విషయమేం కాదు. ఇక్కడ క్లినిక్‌లో 9 ప్రశ్నల కాగితం ఇస్తారు, గత రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా, ఆశ లేనట్టు అనిపించిందా అని, మా అన్న అన్నిటికీ లేదు లేదు అని టిక్ పెట్టి గుండె నొప్పి అని చెప్తాడు, ఈసీజీ తీస్తారు, బాగుంది అంటారు, ఇంటికి పంపేస్తారు. ఒకాయనకి ఒక సంవత్సరంలో నాలుగు ఈసీజీలు తీశారు. ఒక్కరు కూడా ఇంట్లో ఎవరున్నారు అని అడగలేదు. మా గదిలో రెండో ఆదివారమే చెప్పాడు, భార్య వదిలేసి వెళ్ళిపోయిందని.

3. లైసెన్స్ భయం. డాక్టర్‌కి బాధ చెప్తే లైసెన్స్ పోతుందని యార్డుల్లో ప్రతి ఒక్కడి నమ్మకం. పెద్ద ట్రక్కులు నడిపే ఏజెడ్ లైసెన్స్ పోతే తిండి పోయినట్టే. ఒంటారియోలో డాక్టర్లు ట్రాన్స్‌పోర్ట్ శాఖకి తప్పనిసరిగా చెప్పాల్సిన జబ్బుల లిస్ట్ ఉన్న మాట నిజమే, 2018లో దాన్ని మార్చారు కూడా. కానీ ఆ లిస్టులో ఉన్నవి తీవ్రమైన సైకోసిస్ లాంటివి, ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకోని ముదిరిన తాగుడు, డ్రగ్స్ లాంటివి, ఉన్నట్టుండి స్పృహ తప్పే జబ్బుల్లాంటివి. మామూలు దిగులు, నిద్ర పట్టకపోవడం, యాంగ్జయిటీ చెప్పుకున్నంత మాత్రాన డాక్టర్ రిపోర్ట్ చెయ్యాలని లేదు. ఈ ఒక్క ముక్క పంజాబీలో ఒక పేజీ రాసి యార్డుల్లో అంటించినవాళ్ళు నాకు కనపడలేదు. మేం గదిలో నోటితో చెప్పేవాళ్ళం. అది విన్నాక డాక్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళే నేను పైన చెప్పిన ఆరేడుగురు.

4. డబ్బు. ప్రైవేట్ థెరపిస్ట్ గంటకి 150 డాలర్లు, ఇంకా ఎక్కువ కూడా. ఓహిప్‌లో (ఒంటారియో ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) సైకియాట్రిస్ట్ ఉచితం కానీ రిఫరల్, వెయిటింగ్. స్టూడెంట్ పిల్లలకి ఓహిప్ లేదు, కాలేజీ ఇన్సూరెన్స్‌లో నాలుగైదు సెషన్లకే సరి. డ్రైవర్లలో చాలామందిని కంపెనీలు ఉద్యోగిగా కాకుండా నీ పేరు మీద కార్పొరేషన్ తెరువు అని పెట్టుకుంటాయి, డ్రైవర్ ఇంక్ అంటారు, దాంతో సిక్ లీవ్ లేదు, బెనిఫిట్స్ లేవు, దెబ్బ తగిలినా దిక్కు లేదు. అలాంటివాణ్ణి థెరపీకి వెళ్ళు అంటే ఒక లోడ్ వదులుకో అన్నట్టే. మా చాయ్ ఖర్చు నెలకి 40 డాలర్లు అయ్యేది, డబ్బాలో వేసేవాళ్ళం.

5. ఇంట్లో వాళ్ళు. మోగాలో ఉన్న బీజీ (అమ్మ) ఫోన్ చేస్తే కొడుకు వధియా అంటాడు, బ్రహ్మాండంగా ఉన్నా అని. మన పిల్లలు అంతా బానే ఉందమ్మా అన్నట్టే. వీడి చదువుకి రెండు కిల్లాలు తాకట్టు పెట్టారు, కిల్లా అంటే వాళ్ళ ఎకరం. స్టూడెంట్ వీసాకి చూపించాల్సిన డబ్బు 2024 జనవరిలో ఒక్కసారిగా 10 వేల డాలర్ల నుంచి 20,635కి పెరిగింది, ఆ తర్వాత వచ్చిన పిల్లల మీద అప్పు ఇంకా ఎక్కువ. వాడు నోరు విప్పితే అక్కడ తాకట్టులో ఉన్న పొలం గుర్తొస్తుంది, అందుకే విప్పడు. అది ఎక్కడో ఒకచోట బయటికి రావాల్సిందే కదా. సీసాలోకి వస్తుంది. భార్య మీదకి వస్తుంది, పిల్లాడు నాన్న కారు సౌండ్ వింటే గదిలోకి వెళ్ళిపోతాడు. మగాళ్ళ బాధ గురించి మాట్లాడుతుంటే ఆడవాళ్ళ కష్టాన్ని తక్కువ చేస్తున్నామని కొందరు అన్నారు. అలా అనుకోవద్దు. మా సంతకాల్లో 14 మంది డ్రైవర్ల భార్యలవి. ఒకావిడ నాతో అన్న మాట, భాజీ (అన్నా), ఆదివారం రాత్రి ఆయన మీ దగ్గరికొస్తే సోమవారం మా ఇంట్లో అరుపులుండవు. ఆవిడ ఇప్పుడు పిల్లల్ని తీసుకుని అక్క ఇంట్లో ఉంటోంది.

6. ప్రాణాలు. ఈ దేశంలో ఆత్మహత్య చేసుకునే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మగాళ్ళు. ఇండియాలో 2022లో 1,70,924 మంది అలా పోతే అందులో 1,22,724 మంది మగాళ్ళు. ఆ ఇండియా లెక్కలో పంజాబ్ రైతు ఉన్నాడు, తెలంగాణ రైతు ఉన్నాడు, రెండిళ్ళలోనూ అప్పు పుస్తకం ఒకేలా ఉంటుంది. ఇక్కడ మాకు తెలిసి గది మూసేశాక ఒకరు పోయారు. ఆయన మూడు ఆదివారాలు వచ్చాడు, నాలుగోది లేదు. గది ఉంటే బతికేవాడని నేను చెప్పను, ఆ మాట ఎవరూ చెప్పలేరు. రాని ఆదివారం మేం ఫోన్ చేసేవాళ్ళం, అది మాత్రం చెప్పగలను.

7. రోడ్డు. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి 80 వేల పౌండ్ల బండి నడుపుతుంటాడు, పక్క లేన్‌లో మీ పిల్లల స్కూల్ బస్సు వెళ్తుంటుంది. ఇంతకంటే దీని గురించి రాయక్కర్లేదు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. కమ్యూనిటీ సెంటర్ అధికారులు: ఆదివారం రాత్రి 9 నుంచి 11 గది తిరిగి ఇవ్వండి. ఫీజు కట్టమన్నా కడతాం. ఇన్సూరెన్స్ మాత్రం మీ ప్రోగ్రామ్స్‌కి ఉన్న దాని కిందే కలపండి, విడిగా మాకు ఎవరూ ఇవ్వట్లేదు, రెండు కంపెనీలు అడిగాం. ఏదైనా రిజిస్టరైన సంస్థ నీడన పెట్టమంటే దానికీ సిద్ధమే, ఎవరో మీరే చూపించండి.

2. ఆరోగ్య శాఖ: లైసెన్సున్న మనిషి గదిలో ఉండాల్సిందే అనే షరతు తియ్యండి. బదులుగా మాకు ట్రైనింగ్ ఇవ్వండి. మెంటల్ హెల్త్ కమిషన్ ఆఫ్ కెనడా 2013లోనే పీర్ సపోర్ట్‌కి గైడ్‌లైన్స్ రాసి పెట్టింది, అవే వాడండి. మేం చేయి దాటిపోయిందనుకున్నప్పుడు ఫోన్ ఎత్తే ఒక పంజాబీ నర్సో కౌన్సెలరో ఆ రెండు గంటలు ఆన్ కాల్‌లో ఉంటే చాలు. నడిపే ఇద్దరికి ఆ గంటలకి జీతం ఇవ్వండి, ఎందుకంటే ఇప్పుడు నడిపేవాళ్ళు లోడ్ వదులుకుని వస్తున్నారు, ఎన్నాళ్ళని వస్తారు. టొరంటోలోని మానసిక వైద్య ఆస్పత్రి క్యామ్‌హెచ్ వాళ్ళు దక్షిణాసియా జనానికి తగ్గట్టు మార్చిన సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) పద్ధతి తెచ్చారు, అది తెలిసిన థెరపిస్టుల దగ్గరికి మా వాళ్ళని పంపే దారి కూడా చూపించండి.

3. 988 చూసేవాళ్ళు: పంజాబీ పెట్టండి. ముందు రాత్రి పూటైనా పెట్టండి. తర్వాత మిగతా భాషలు, తెలుగుతో సహా.

4. ట్రాన్స్‌పోర్ట్ శాఖ: ఏం చెప్తే లైసెన్స్ పోదో, ఏ పరిస్థితిలో పోతుందో పంజాబీలో ఒక్క పేజీ. యార్డుల్లో అంటించే పని మేం చేస్తాం.

5. ట్రక్కింగ్ ఓనర్లు: మీలో చాలామంది ఒకప్పుడు స్టీరింగ్ పట్టినవాళ్ళే, మీకు నేను చెప్పేదేముంది. డ్రైవర్ బాలేదు అంటే వారం ఆపి మళ్ళీ పెట్టుకోండి, పేరు కొట్టెయ్యొద్దు. నెలకి రెండు ఆదివారాలు ఇంట్లో ఉండేలా లోడ్లు వెయ్యండి, డిస్పాచర్‌గా చెప్తున్నా, కుదురుతుంది, నేను కుదిర్చా. డ్రైవర్ ఇంక్ ఆపండి.

6. గురుద్వారా కమిటీ పెద్దలు: లంగర్‌లో ఎవడూ ఆకలితో వెళ్ళడు, లోకమంతా మిమ్మల్ని చూసి నేర్చుకుంటోంది. ఈ ఆకలిని కూడా చూడండి అని చేతులెత్తి అడుగుతున్నా. పాఠ్ చెయ్యి, చఢ్‌దీ కళాలో (ఎప్పుడూ ధైర్యంగా, ఉత్సాహంగా) ఉండు అని చెప్పడం మంచిదే, నేను కాదనను, నాకూ ఆ మాట బలం ఇచ్చింది. కానీ కుంగిపోయిన కుర్రాడికి అదొక్కటే చెప్తే తన భక్తిలోనే లోపం ఉందేమో అనుకుని ఇంకా లోపలికి పోతున్నాడు, అలా ఇద్దరు మాతో చెప్పుకున్నారు. స్టేజ్ మీంచి ఒక్కసారి చెప్పండి, బాధ చెప్పుకోవడం తప్పు కాదు అని. చెప్పులు విడిచే చోట 988 నంబర్ పెట్టండి. కింద ఖాళీగా ఉండే గది ఒకటి సాయంత్రం తెరవండి, సంగత్ అంటే కలిసి కూర్చోవడమే కదా.

7. తెలుగు సంఘాలు: ఉగాదికి, సంక్రాంతికి హాళ్ళు బుక్ చేస్తున్నాం, ఆ రోజు వచ్చిన పిల్లాడు మర్నాడు ఎలా ఉన్నాడో మనకి తెలీదు. మన పిల్లలు కూడా అవే బేస్‌మెంట్లలో, అవే వేర్‌హౌసుల్లో ఉన్నారు. వాళ్ళలో నలుగురు పంజాబీ రాకపోయినా వచ్చి ఈ చాయ్ దగ్గర కూర్చుంటున్నారంటే మనం ఎక్కడో తప్పిపోయాం. ముందు ఈ గదికి సంతకం పెట్టండి, తర్వాత తెలుగులో ఒకటి పెడదాం, నడిపే పద్ధతంతా ఈ అన్నలే నేర్పిస్తామన్నారు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా గుండె అలా జారిపోతూ ఉంటే, కెనడాలో 988, ఇండియాలో 14416. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోయినా చెయ్యండి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని చెయ్యండి.

అధికారులకి చివరి మాట. ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఒక మనిషి రాసిన జవాబు కావాలి, కుదరదు అనైనా సరే, ఎందుకు కుదరదో రాసి. పిలిస్తే మేం నలుగురం వస్తాం, పగలైనా వస్తాం, నిద్ర మానుకుని.

అప్పటిదాకా మళ్ళీ యార్డులోని డ్రైవర్ల రూంలోనే కూర్చుంటున్నాం. అందులో ఆరుగురికే చోటు. మిగతావాళ్ళు బయట ట్రక్కుల్లో హీటర్ వేసుకుని కూర్చుంటారు, లోపల్నుంచి ఒకడు లేస్తే ఇంకొకడు వెళ్తాడు. మొన్న ఆదివారం ఒక కొత్త కుర్రాడొచ్చాడు, ఇరవై రెండేళ్ళుంటాయి, నెత్తి మీద మంచు పడుతుంటే గుమ్మం బయట కాసేపు నిలబడ్డాడు, లోపల చోటు లేదని చూసి ఏం పర్లేదు మళ్ళీ వస్తాలే అని వెళ్ళిపోయాడు. అతని నంబర్ మా దగ్గర లేదు.

ఇట్లు,
ఆదివారం చాయ్ అన్నల తరఫున,
ఒక నైట్ డిస్పాచర్